భూచంపకానికి కాపలా

పనసచెట్టు నీడలో, నేలను అంటిపెట్టుకుని ఊదారంగు పూలు పూసే భూచంపకం ఒకటి ఉండేది. దాని ఆకుల కింద ఒక ముసలి కప్ప కాపురం. చలికాలం పోతూనే ఆకులు పండి రాలిపోయాయి. వట్టి మట్టి మిగిలింది.

ఆ మట్టిని కెలకబోయిన కోడిపెట్టకు కప్ప అడ్డంగా కూర్చుంది.

"చచ్చినదానికి కాపలా ఏమిటి బావా? నూతి దగ్గర చల్లగా ఉంది, పో" అంది కోడి.

"ఏటేటా వచ్చేదే. మళ్లీ వస్తుంది" అంది కప్ప. ఎండలు ముదిరి ఒళ్లు పొక్కిపోతున్నా అక్కణ్ణించి కదల్లేదు.

ఒకనాడు మట్టిలోంచి వానపాము తల బయటపెట్టింది. "మామా, కింద భూచంపకం దుంప మేలుకుంది. పైన తనకోసం ఎవరైనా చూస్తున్నారా అని అడుగుతోంది."

కప్ప వానపాము దగ్గరికి వంగింది.

"ఎవరూ లేరని చెప్పు నాయనా. నేనున్నానంటే ఈ మంటల్లోనే లేచి వచ్చేస్తుంది."