ఇసుక కింద

"ఇంకా పొయ్యి బిడ్డా! మీ బాపు చేతులు కనబడుతున్నయ్!" సుగుణమణి పడీపడీ నవ్వింది.

లిడియా మరో దోసెడు తడి ఇసుక తండ్రి ఛాతీ మీద పోసి చరిచింది. అంద్రెయకు తల ఒక్కటే బయట మిగిలింది. చుట్టూ భీమిలి తీరం జాతరలా ఉంది. రంగులరాట్నం తిరుగుతోంది, బజ్జీల వాళ్లు కేకలు పెడుతున్నారు. సముద్రం చూపిస్తానని గోదావరిఖని నుంచి భార్యను, బిడ్డను తీసుకొచ్చింది తనే. ఆట చెడగొట్టకూడదని పళ్లు బిగించాడు.

చెయ్యి కదపబోయాడు. కదల్లేదు. ఊపిరి సగంలోనే ఆగింది.

"ఓ కాకా! ఎవరన్న ఉన్నరా అవతల?" అని అరిచాడు.

"గింతమందిమి ఉన్నం, కనబడ్తలేమా?" నవ్వుతూ వంగింది సుగుణమణి.

"లైటు పోయింది కాకా, జల్ది తవ్వుండ్రి!"

ఎండ ఆయన ముఖం మీదే పడుతోంది. సుగుణమణి నవ్వు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో ఇసుక తోడి పారేసింది.

అంద్రెయ రొప్పుతూ లేచి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకు తెలియకుండా దాచిన సంగతి తన నోటితోనే బయటపడింది.

"బొగ్గుబాయిల కప్పు కూలిందా నీ మీద? ఎప్పుడు?"

"మొన్న ఎండకాలం. డబుల్ డ్యూటీ పడ్డదని చెప్పిన గద, ఆ రోజు."

"మరి మల్ల ఎట్ల దిగినవయ్యా, అదే బాయిలకు?"

బిక్కమొహం వేసుకున్న బిడ్డను ఒళ్లోకి లాక్కున్నాడు అంద్రెయ.

"తెల్లారి షిఫ్టు ఉండె," అన్నాడు.