భుజాల కొలత

గౌను మళ్ళీ జారింది.

"ఇంకో రెండు పిన్నులు పెట్టనా అక్కా?" అని అడిగింది, దాన్ని తొడుక్కుని నిలబడ్డ సేల్స్ అమ్మాయి.

"పిన్నులు పెడితే నువ్వు నిలబడతావు, గౌను నిలబడదు," అన్నాడు టైలర్ మాస్టారు, మెడలో టేపు సర్దుకుంటూ.

డిజైనరమ్మ జారిన భుజాన్ని పైకి లాగింది. షాపులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, సగం గౌరవంగా, సగం వేళాకోళంగా. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఇది ఆమె మొదటి ఉద్యోగం.

ఎదురుగా గోడనిండా ఒక బొమ్మ. పాత నలుపు తెలుపు సినిమాలో నటి కోటగోడ మీంచి దూకుతోంది. గౌను గొడుగులా విచ్చుకుంది. మెడలోని స్కార్ఫ్ ఎగిరి ముఖాన్ని సగానికి పైగా కప్పేసింది. ఆ ఒక్క దూకుడు చూసి ఎందరో ఆడపిల్లలు మెడలో స్కార్ఫులు ముడేసుకున్నారు.

"సాయంత్రానికి ఆ గౌను మన షోకేసు అద్దాల్లో అచ్చం ఇలాగే ఉండాలి," అని పొద్దున్నే చెప్పింది ఓనరమ్మ. "కుదరకపోతే రేపు నువ్వు రానక్కర్లేదు."

ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో డిజైనరమ్మకే లెక్కలేదు. మిగతా సీన్లు చూసి కుడితే గౌను ఒద్దికగా కుదురుతుంది గానీ, బొమ్మలోని ఠీవి రాదు. బొమ్మ చూసి కుడితే ఎవరికి తొడిగినా భుజాలు వేలాడతాయి. చూస్తే అదే సినిమా, అదే మనిషి. కొలతలు మాత్రం వేరు. ఆలోచించీ ఆలోచించీ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"సినిమావాళ్ళకి సీనుకో భుజం ఉంటుందేమోనమ్మా," అన్నాడు మాస్టారు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర, వంగని మోకాలు. వచ్చినవాడు ఎవరినీ పలకరించకుండా గోడ మీది బొమ్మకేసి చూస్తూ నిలబడిపోయాడు.

"ఏం కావాలి తాతగారూ? మగవాళ్ళ బట్టలు పక్క షాపులో," అంది డిజైనరమ్మ.

"బట్టలకి రాలేదమ్మా. ఈ గౌను కుట్టిస్తున్నది నువ్వేనా?"

"నేనే."

"భుజాల దగ్గర తేడా వస్తోందా?"

"మీకెలా తెలుసు?"

"వస్తుంది," అన్నాడాయన నెమ్మదిగా. "ఒక్కసారి నాకివ్వు. తొడుక్కుని చూపిస్తాను."

సేల్స్ అమ్మాయి గబుక్కున తెర వెనక్కి వెళ్ళి, బట్టలు మార్చుకుని, గౌనును తెర మీంచి వేలాడేసింది.

"ఎవరు తొడుక్కుని?"

"నేనే. ఇప్పుడు కాస్త వంగిపోయాను గానీ, పట్టకపోదు."

మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "ఈ వయసులో తాతగారికి సింగారాల మీద మనసు పోయినట్టుంది."

ముసలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుతో డిజైనరమ్మకు ఇంకా ఒళ్ళు మండింది.

"అసలు మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

ఆయన కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అది నా నోటితో చెప్పే మాట కాదమ్మా. ముందు గౌను ఇయ్యి, నీకే తెలుస్తుంది."

"తాతగారూ, పెద్దవారు. నా చేత మాట అనిపించుకోకండి. ఇక్కడ ఆడపిల్లలు తిరుగుతుంటారు."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నిజమేలే తల్లీ. చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది."

వెళ్తూ వెళ్తూ, తెర మీంచి వేలాడుతున్న గౌను అంచు మీది కుట్టును వేలితో తాకి, "పని బాగుంది మాస్టారూ," అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

డిజైనరమ్మ మళ్ళీ కత్తెర అందుకుని, అంతలోనే కింద పెట్టేసింది. ఆయన ఎదురుతిరిగి నాలుగు మాటలన్నా బాగుండుననిపించింది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది. ఆ తప్పేమిటో అంతుపట్టడం లేదు.

ఫోన్ మోగింది.

నిన్న ఆమే ధైర్యం చేసి ఆ నటి ఇంటికి ఫోన్ చేసి గౌను కొలతలు అడిగింది. ఎత్తినవాళ్ళు, "అమ్మగారు పడుకున్నారు, చెబుతాంలే," అని పెట్టేశారు. ఇప్పుడు ఫోన్లో అమ్మగారే.

"కొలతలు అడిగింది నువ్వేనా తల్లీ?" గొంతు సన్నగా వణుకుతోంది.

"అవునండీ. మీ భుజాల కొలత ఎంతో చెబితే చాలండీ."

"నా భుజాలతో నీకేం పని? మనిషినే పంపాను కదా. రాలేదా?"

డిజైనరమ్మ తలుపు వైపు తిరిగింది. "కర్ర పట్టుకుని ఒకాయన వచ్చారండీ."

"ఆయనే. కొలతలు తీసుకున్నావా?"

"లేదండీ. నేనే వెళ్ళిపొమ్మన్నాను."

సైగ చేయగానే మాస్టారు రోడ్డు మీదికి పరుగెత్తాడు. కాసేపటికి ఒగరుస్తూ వచ్చి, బస్సు వెళ్ళిపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు.

అమ్మగారు ఫోన్లో ఇంకా చెబుతూనే ఉంది.

"ఇన్నేళ్ళూ నా పేరు పోతుందని ఆయన పెదవి విప్పలేదు. మోకాలు విరిగి మంచాన పడ్డప్పుడు కూడా. ఈసారి నేనే మీ షాపుకొచ్చి నలుగురి ముందూ నిజం చెబుతానని ఒట్టేస్తే గానీ ఆయన కదల్లేదు."

"ఏం చెబుతారండీ?" అని అడిగింది డిజైనరమ్మ, ఇంకా ఏమీ అర్థం కాక.

"నాకు కుర్చీ ఎక్కాలన్నా కళ్ళు తిరుగుతాయి తల్లీ. మీ గోడ మీది బొమ్మలో నా గౌను వేసుకుని దూకుతున్నది ఆయన."