ఇంకోసారి చెప్పు తల్లీ

ఉదయగిరిలో ఆ తలుపు కూడా డాక్టర్ అనుపమ ముఖం మీదే పడింది.

"మా ఇంట్లో ఎవురూ పడలేదు, ఏ ఎముకా ఇరగలేదు. పోండి!"

లోపలి గదిలోంచి ఒక ముసలి మూలుగు మాత్రం వినిపిస్తూనే ఉంది.

యాభై దాటినవాళ్ళలో ఎందరికి తుంటి ఎముక విరిగింది, ఇకముందు ఎందరికి విరిగే ప్రమాదముంది అని అంచనా వేయడానికి వచ్చింది అనుపమ. ఆ అంచనాను బట్టే ఆత్మకూరు ఆస్పత్రికి ఎముకల బలం చూసే మిషనూ, తుంటి ఆపరేషన్లు చేసే డాక్టరూ వస్తారు. కానీ ఆస్పత్రి లెక్కల్లో ఈ పక్క తుంటి విరిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

"అక్కడివాళ్ళ ఎముకలు ఉక్కండీ. మిషనెందుకు?" అని పై ఆఫీసులో నవ్వారు.

ఉక్కూ లేదు, తుక్కూ లేదు. అత్త జారిపడితే కోడలు తోసిందంటుంది ఊరు. ఆ మాటకు భయపడి పడిన మనిషిని లోపలి గదిలో దాచి, జ్వరమని చెప్పి, మంచానికి అప్పజెబుతారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? ఇక్కడ కుండ బదులు ఎముక, అంతే తేడా.

అనుపమ వెనుదిరుగుతుంటే వీధి చివరి నుంచి ఒకావిడ కర్ర పొడుచుకుంటూ, కుంటుతూ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎవరో ఏమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"రవ్వంత జరుగమ్మా," అని డాక్టర్నే పక్కకు నెట్టి తలుపు తట్టింది.

"అమ్మాయ్! నేనూ పడినాను. నా కోడలు తొయ్యలా. నేనే పడినాను."

తలుపు కొంచెం తెరుచుకుంది.

ఆమె అనుపమ వైపు తిరిగింది. "డాక్టరమ్మా, నువ్వు చెప్పు. తోస్తేనే ఇరుగుతాదా?"

"లేదవ్వా. వయసైతే ఎముక లోపల డొల్లవుతుంది. ఎవరూ తొయ్యక్కర్లేదు. మంచం దిగబోయి తూలినా విరుగుతుంది."

"ఇంకోసారి చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు."

చెవుడేమోననుకుని అనుపమ గట్టిగా చెప్పింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపలున్న కోడలు మధులత గడప మీదే కూలబడి ఏడ్చింది.

"మా అత్త పడి శానా దినాలయింది మేడం. నన్నేమంటారోనని ఎవురికీ చెప్పలా."

ఆ రోజంతా అవ్వ వెంటే ఉంది. ఇల్లిల్లూ అదే మాట, ప్రతి ఇంటి ముందూ అదే "ఇంకోసారి చెప్పు తల్లీ." సాయంత్రానికి అనుపమకు విసుగొచ్చింది.

"అవ్వా, ఇది సర్వే. మీరు ముందే మాట అందిస్తే జనం అదే తిరిగి చెబుతారు. రేపట్నించి రావద్దు."

అవ్వ కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

అనుపమకు తన మీద తనకే కోపం వచ్చింది. "ఆ అవ్వెక్కడుందో చూసి పిలుచుకురా," అని డ్రైవర్ పెంచలప్రసాద్‌ను పంపింది.

జీపు దిగుతూ అవ్వ నవ్వింది. "ఏంది తల్లీ, పన్జరగలేదా?"

"మీరు తలుపులు తెరిపించండి చాలు. విరిగిందో లేదో నేను ఎక్సరే తీయించి తేల్చుకుంటాను."

"అట్ట చెప్పు మరి!"

ఉదయగిరి నుంచి చేజర్ల దాకా తలుపులు తెరుచుకున్నాయి. ఆస్పత్రి ఎరగని తుంట్లన్నీ బయటపడ్డాయి. ఎక్సరేలతో సహా అంచనా పైకి వెళ్ళేసరికి, ఉక్కని నవ్వినవాళ్ళే మిషనుకు సంతకం పెట్టారు.

మిషను వచ్చింది. డాక్టరూ వచ్చాడు.

మిషను ప్రారంభం నాడు ఆత్మకూరు ఆస్పత్రి కిటకిటలాడింది. ఆపరేషనైన మధులత అత్త వాకర్ పట్టుకుని తన కాళ్ళ మీద తానే నడిచొచ్చింది. పక్కనే ఉన్న కోడలి చెయ్యెత్తి పట్టుకుని అందరికీ వినబడేలా అరిచింది.

"నా కోడలు తొయ్యలా! నేనే పడినాను!"

చప్పట్లతో ఆస్పత్రి ముందరి రేకుల షెడ్డు అదిరింది. అనుపమ సిగ్గుపడకుండా ఏడ్చింది. గెలిచాం, నిజంగా గెలిచాం అనుకుంది.

"మొదటి పరీక్ష మన అవ్వకే! అవ్వా, ఎక్కడున్నారు?" అని పిలిచింది.

అవ్వ లేదు.

అనుపమ గేటు దాకా పరుగెత్తింది. రోడ్డవతల అవ్వ కర్రను చంకలో పెట్టుకుని, నిటారుగా, గబగబా నడుస్తోంది. కుంటు జాడే లేదు. చెయ్యెత్తి కలువాయి బస్సు ఆపి, చకచకా మెట్లెక్కేసింది.

"అవ్వా!"

బస్సు కదిలిపోయింది.

భార్యను చూపించడానికి వచ్చిన చెంచయ్య గేటు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. "ఆయమ్మ మా కలువాయి నాగేశ్వరమ్మ గదా మేడం. ఈడికెందుకొచ్చింది?"

"ఆమెకు తుంటి విరగలేదా?"

"ఆమెకా? రాయి మాదిరుంటే!"

"మరి కోడలు...?"

"కోడలెక్కడిది? ఆయమ్మకు బిడ్డలే లేరు."

చెంచయ్య బస్సు పోయిన వైపు చూశాడు.

"తుంటి ఇరిగింది వాళ్ళత్తకు మేడం. చచ్చేదాకా మంచంలోనే ఉన్నింది. కోడలు తోసిందని ఊరందరం అన్నాము, ఆ కోడలు ఈయమ్మే."