అర్ధగంట కరెంటు

మెట్ల కింది మీటరు బోర్డు నుంచి పొగ లేస్తుంటే, వెంకటేశం భయపడి ఎవరినో అడిగి ఒక కరెంటు పనివాణ్ణి పిలిపించాడు.

వచ్చినాయనకు యాభై ఏళ్లుంటాయి. పేరు ఇస్తారి.

"లోపల వైరు కాలింది సేటూ. గిట్లనే ఇడిస్తే ఇల్లంటుకుంటది. మెయిన్ బంద్ చెయ్యాలె. అర్ధగంట పని."

ఆ మాట విని వెంకటేశం కూతురు భువన పైనుంచి పరుగున దిగింది.

"వద్దంకుల్! పదకొండింటికి నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పది నిమిషాలే ఉంది. ఇప్పుడు వైఫై పోతే అంతే."

"మరి కరెంటు ఉండంగనే చెయ్యి పెట్టుమంటవా బిడ్డా?"

"పని రాకపోతే చెప్పున్రి, వేరేటోళ్లను పిలుస్తం."

అన్నాక ఆమెకే కటువుగా తోచింది. సర్దిచెప్పే తీరిక లేదు.

ఇస్తారి కోపం తెచ్చుకోలేదు.

"దేనికి బిడ్డా ఇంటర్వ్యూ?"

"ఎంబీఏ సీటుకు. రెండేండ్ల సంది గిదే సదువుతున్న."

మెయిన్ మీదికి పోయిన చెయ్యిని ఆయన వెనక్కి తీసుకున్నాడు.

"పో బిడ్డా. నిమ్మలంగ మాట్లాడు. కరెంటు పోదు."

వెంకటేశం ముందువైపు బట్టల కొట్లోకి వెళ్లిపోయాడు. భువన పైకెళ్లి తలుపేసుకుంది.

తెర మీద ముగ్గురు.

మొదట అన్నీ అనుకున్న ప్రశ్నలే. నీ గురించి చెప్పు. ఎంబీఏ ఎందుకు? దుబ్బాక చీరలు మీ కొట్లో అమ్ముతారు కదా, బయటి ఊళ్లలో ఎలా అమ్ముతావు?

తడబడకుండా చెప్పింది.

ఒక్కసారి లైటు మిణుక్కుమంది. భువన తలెత్తి లైటు వంక చూసింది.

కరెంటు పోలేదు.

మధ్యలో కూర్చున్న మేడం అడిగింది. "నువ్వు ఫ్యాక్టరీ మేనేజరువి. సరుకు ఇవాళే పోవాలి. మెషీన్ ఆపితేనే రిపేరు చేస్తానంటాడు పనివాడు. ఏం చేస్తావు?"

"ఆపేస్తాను మేడం. మనిషి ప్రాణం కంటే సరుకు ఎక్కువ కాదు."

ముగ్గురూ తలలూపారు. మేడం నవ్వుతూ ఏదో రాసుకుంది.

ఇంటర్వ్యూ అయిపోగానే భువన గబగబా మెట్లు దిగింది.

"అంకుల్, మంచిగయింది..."

ఇస్తారి బోర్డు కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కుడిచేతి వేళ్లు నల్లగా మాడిపోయాయి.

కొట్లో బేరంలో ఉన్న వెంకటేశానికి చప్పుడైనా వినపడలేదు.

దవాఖానలో డాక్టరు నాడి పట్టి చూసి, "పోయి చాలాసేపైంది" అన్నాడు.

కబురందుకొని ఇస్తారి కూతురు నవత వచ్చింది. భువన ఈడు పిల్లే. తండ్రి పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు కూడా లేవు.

భువన ఆమె ముందుకెళ్లి నిలబడింది.

"నేనే... మెయిన్ బంద్ చెయ్యొద్దన్న. ఇంటర్వ్యూ ఉన్నదని..."

తిడుతుందనుకుంది. కొట్టినా పడదామనుకుంది.

నవత తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. మెల్లగా అంది.

"పోయినేడు నాది గూడ గిసొంటి ఇంటర్వ్యూనే అక్కా; మా ఇంటి పైపోర్షన్ల పనికని, నేను లోపల మాట్లాడుతున్నట్టు తెల్వక, నడుమల మెయిన్ బంద్ చేసింది మా బాపే."