మిషన్ వద్దన్న కుండ

ఇప్పుడు సరుకులు మనుషులు కొనడం లేదు, ఇంటి మిషన్లే కొంటున్నాయి. వాటికి ఎలా అమ్మాలో నేర్పుతారని, తునిలో ఆన్‌లైన్ వ్యాపారుల సభకు మనవరాలు లహరి నన్ను తీసుకెళ్లింది. ఇక్కడా దారి దొరక్కపోతే మా కుండలు కాల్చే ఆవం ఆర్పేయాలి.

“మిషన్ నీళ్లు తాగుద్దా బాబూ?” అనడిగాను.

“తాగదు తాతా, కొంటది,” అన్నాడు పాఠం చెప్పే కుర్రాడు. అందరూ నవ్వారు.

కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. లేస్తుంటే ఆ కుర్రాడు నేను తెచ్చిన కుండను వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

“కంచులా మోగుతోంది! ఉండు, మా ఇంటి మిషన్‌ని అడుగుతా.” ఫోన్‌లో అడిగాడు. మొహం చిన్నబోయింది. “వద్దంది తాతా.”

“ఊరికే పట్టుకెళ్లు.”

“అమ్మో, మిషన్ ఇంటి తలుపు తియ్యదు!”

కుండ చంకనెత్తుకుని బయటికొచ్చాను.

“పాఠం చెప్పినోడికే తలుపు తియ్యదంటమ్మా. ఆవం ఆర్పేద్దాం, పద,” అన్నాను లహరితో.