కట్ట మీది మాస్టరు

“ఆ గడ సంగతి చూడండి సార్. ఊపిరి తీసుకునేటప్పుడల్లా ఆ పిల్ల దాని దిక్కే చూస్తాండాది.”

సుబ్బయ్య గొంతు తగ్గించలేదు. నంద్యాల చెరువు కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చున్న జడ్జి తల తిప్పి చూశాడు. ఆళ్లగడ్డ డ్రిల్లు మాస్టరు నతానియేలు, తనకంటే పొడవైన వెదురు గడ పట్టుకుని నీళ్ల అంచున నడుస్తున్నాడు. కట్ట పక్కగా ఈదుతున్న అతని బడి పిల్ల లూదియా ఎంత వేగంగా పోతే అతనూ అంత వేగంగా అడుగులు వేస్తున్నాడు.

ఆ పిల్ల ఆ పందెంలో అందరికంటే ముందు దరి చేరింది.

అవి 1979లో జరిగిన జిల్లా ఈత పోటీలు. పొద్దున వడపోత పందేలు, మధ్యాహ్నం ఆఖరి పందెం. అందులో మొదట వచ్చిన అమ్మాయి ఒక్కతే, అదీ పెట్టిన గడువులోపల చేరితేనే, అనంతపురంలో ప్రాంతీయ పోటీలకు పోతుంది. రెండోస్థానానికి చప్పట్లే మిగులుతాయి. సుబ్బయ్య కూతురు ప్రమీల కిందటేడు ఆ చప్పట్లతోనే ఇంటికి వచ్చి, నెలరోజులు సరిగా అన్నం తినలేదు. ఈ ఏడాదంతా సుబ్బయ్య మడి పనులు తమ్ముడికి వదిలేసి, తెల్లవారితే కూతుర్ని కాలవకు తీసుకుపోయాడు. ఈసారి ఎవరి మాయలూ సాగనివ్వకూడదనుకున్నాడు.

నతానియేలు వాలకం అతనికి మొదటినుంచీ నచ్చలేదు. మిగతా ఊళ్ల మాస్టర్లు చొక్కాలు విప్పి, పిల్లలతో పాటు నీళ్లలో దిగి చేతులు ఎట్లా వేయాలో చూపిస్తున్నారు. ఇతను మాత్రం ఇస్త్రీ చొక్కా, బూట్లతో కట్ట మీదే తిరుగుతున్నాడు. పాదం కూడా తడవనివ్వడం లేదు. ఒంటి మీద ఏదో దాచి ఉంటాడని సుబ్బయ్యకు అనిపించింది.

మంచినీళ్ల కుండ దగ్గర లూదియా ఒంటరిగా కనిపిస్తే మాట కలిపాడు. ఈత పెదనాయన బావిలో నేర్చుకున్నానని, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో, ఎక్కడ జోరు పెంచాలో సారు చెబుతాడని ఆ పిల్ల చెప్పింది. సారు నీళ్లల్లో దిగి చూపించడా అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, సారు దిగగా తానెప్పుడూ చూడలేదంది.

ఇంకేముంది, గడతో ఏవో సైగలు చేస్తున్నాడని సుబ్బయ్య తేల్చుకున్నాడు. తిన్నగా మళ్లీ జడ్జి దగ్గరికి పోయాడు. జడ్జి నతానియేలును పిలిచి, గడ ఇచ్చేయమన్నాడు.

“చేతిలో ఉండనీండి సార్. పిల్లకు ఏమన్నా అయితే అందిద్దామని పెట్టుకున్నా, అంతే.”

అందుకు తెప్ప ఉంది కదా అన్నాడు జడ్జి. నతానియేలు ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. సుబ్బయ్య తన చేతులతోనే గడ తీసుకుపోయి షామియానా వెనక పడేసి వచ్చాడు. తిరిగి చూస్తే నతానియేలు ముఖం పాలిపోయి ఉంది. దొంగ దొరికాడని సుబ్బయ్య లోలోపల సంతోషపడ్డాడు.

ఆఖరి పందెంలో ప్రమీల మొదటినుంచీ ముందుంది. సుబ్బయ్య దరి దగ్గర నిలబడి కూతురి పేరు గొణుక్కుంటున్నాడు. సగం దూరం దాటాక ప్రమీల చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాలు పట్టేసినట్టుంది. తల మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. తెప్ప దరి వైపు ఉండిపోయింది.

అప్పుడు కట్ట మీద ఉత్తచేతులతో నడుస్తున్న నతానియేలు బూట్లతోనే నీళ్లలోకి దూకాడు. మునిగిపోయాడు. కొంతసేపు ఏమీ కనిపించలేదు. తరవాత ప్రమీల తల పైకి వచ్చింది. ఆమె నడుము కింద రెండు చేతులు. అతని తల మాత్రం బయటికి రాలేదు. తెప్ప చేరేదాకా ఆ చేతులు ఆమెను అట్లాగే పైకి ఎత్తిపట్టుకుని ఉన్నాయి. తెప్పవాళ్లు ఇద్దరినీ పైకి లాగారు.

ఈలోపు లూదియా గడువులోపలే దరి తాకింది. అనంతపురం ఆ పిల్లే పోతుందని జడ్జి ప్రకటించాడు.

ఆసుపత్రిలో ప్రమీల కోలుకుంది. సుబ్బయ్య అందరి ముందూ నతానియేలుకు చేతులెత్తి దండం పెట్టాడు. కానీ ఇంటికి వచ్చాక ఆ దృశ్యం గుర్తుకు వచ్చిన ప్రతిసారీ ఏదో ముల్లు గుచ్చుకుంది. అక్కడినుంచి కట్ట ఎంతో దూరం లేదు. పిల్లను ఒడ్డుకు తెచ్చి ఉంటే పందెం ఆపి మళ్లీ పెట్టేవాళ్లు. తేకుండా నీళ్లలోనే ఎందుకు ఉండిపోయాడు? భార్య రామేశ్వరమ్మతో ఆ మాట అంటే, బిడ్డను బతికించినాయన మీద కూడా అనుమానమేనా అని ఆమె చీవాట్లు పెట్టింది. అయినా ముల్లు పోలేదు. వారం తిరక్కుండానే ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

నతానియేలు ఇంటి వసారాలో కూర్చుంటే, వీధి అవతల రాళ్లు చెక్కే ఉలుల చప్పుడు వినిపిస్తోంది. నతానియేలు భార్య జీవమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నతానియేలు మొట్టమొదట ప్రమీల ఎట్లా ఉందని అడిగాడు. లూదియా కూడా రోజూ అడుగుతోందని చెప్పాడు. సుబ్బయ్య మజ్జిగ తాగకుండానే లోటా కింద పెట్టాడు.

“సారూ, కడుపులో పెట్టుకోలేక వచ్చినా. నా బిడ్డను కాపాడినావు, కాదన్లే. నాలుగు బారలు ఈదితే కట్ట. ఒడ్డుకు యాల తేలేదు? మీ పిల్ల గెలిచేదాకా ఆడనే ఎత్తిపట్టుకొని నిలబడితివి.”

నతానియేలు తల దించుకున్నాడు. అతను లేచి ఇంటి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఈ మాట మా బడిలో తెలీకూడదు, అన్నా. పిల్లోళ్లు నగుతారు.”

తన అనుమానమే నిజమైందనుకుని సుబ్బయ్య ముందుకు వంగాడు.

“నాకు ఈత రాదు.”