పక్క సీటు

బావమరిదీ, నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు దిద్దుకుని చదువు.

నేను కాపలా కాసే ఆటల షాపులో ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో కారూ నడిపే కార్ల పందెం మిషనుంది. తెరమీద ఊళ్లో కార్లు దూసుకుపోతుంటాయి. జోడీ లేనివాళ్ల పక్కన ఓనరు నన్ను పోటీకి కూర్చోబెడతాడు. నిన్న నా పక్కన కూర్చున్నది మీ అక్కని కారుతో గుద్ది చంపి, కేసు కొట్టేయించుకున్నవాడే. నన్ను పోల్చుకోలేదు.

"భయపడకు తాతా, మెల్లగా నడుపుతాలే" అని నవ్వాడు.

"నువ్వెప్పుడు మెల్లగా నడిపావు బాబూ" అన్నాను.

ఒక్కసారైనా వాడు ఓడిపోయి మొహం మాడ్చుకోవడం చూడాలి. వాడి కారుని గోడకేసి రుద్దాను, వంతెన మీద అడ్డం కొట్టాను. అయినా వాడే ముందున్నాడు.

మలుపులో, తెరమీద ఒకావిడ సంచి పట్టుకుని రోడ్డు దాటుతోంది. గుద్దినా ఆట ఆగదు, అందరూ గుద్దేసే పోతారు. వాడు మాత్రం బ్రేకు తొక్కేశాడు.

నేను తొక్కలేదు. ఆవిడ మీద నుంచే పోయి గెలిచాను.

"అయ్యో, ఆవిడ..." అన్నాడు వాడు.

వాణ్ణి ఓడించానని నీకు చెప్పుకుందామనే ఈ పోస్టుకార్డు తీశాను. ఇది చదివి నీకు సంతోషమేసిందో లేదో వెంటనే రాయి. నాకు తెలియడం లేదు.